ఇల్లు అమ్మడానికి ఏజెంటు అవసరమా? కమిషన్ దేనికి ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వండి

మీ ప్రశ్న ఇది. ఉద్యోగం మీద మూడు నెలల్లో వేరే ఊరు వెళ్లిపోతున్నారు, ఈలోగా ఇల్లు అమ్మాలి. ఏజెంటుకిచ్చే కమిషన్ దండగని, నాలుగు ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడితే కొనేవాళ్లే ఫోన్ చేస్తారని మీ తమ్ముడు అంటున్నాడు. ఏజెంటును పెట్టుకుంటే నిజంగా ఒరిగేదేమిటని అడిగారు.

ముందు నా సంగతి చెప్తాను. ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లు అమ్మిపెట్టే పనే చేశాను, నాలుగేళ్ల కిందట మానేశాను. మీరు ఏజెంటును పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఇంకొకటి కూడా ముందే చెప్పేస్తాను. మా నాన్న కట్టించిన ఇల్లు అమ్మాల్సి వచ్చినప్పుడు, ఈ పనిలో అంత కాలం నలిగి కూడా నేను వేరే ఏజెంటుకు అప్పజెప్పి పూర్తి కమిషన్ ఇచ్చాను. ఎందుకో కింద చెప్తాను.

మీ తమ్ముడి మాటలో నిజం లేకపోలేదు. ఒకప్పుడు ఏ వీధిలో ఏ ఇల్లు అమ్మకానికి ఉందో ఏజెంటుకు మాత్రమే తెలిసేది. ఆ కబురే అతని సరుకు. ఇప్పుడు ఆ కబురు అందరి ఫోన్లలో ఉంది. ఇల్లు అమ్మకానికి ఉందని నలుగురికీ తెలియజేయడం కోసమే కమిషన్ ఇస్తున్నామనుకుంటే అది దండగే.

దీని మీద మంచి అధ్యయనం ఒకటి ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో, యజమానులే నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు ద్వారా అమ్మిన ఇళ్లనూ, ఏజెంట్ల ద్వారా అమ్మిన ఇళ్లనూ ముగ్గురు ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. 2009లో అది అచ్చయింది. కమిషన్ తీయకముందు వచ్చిన ధర చూస్తే, సొంతంగా అమ్ముకున్నవాళ్లకు తక్కువేమీ రాలేదు. కానీ వాళ్ల ఇళ్లు అమ్ముడవడానికి ఎక్కువ కాలం పట్టింది, అసలు అమ్ముడయ్యే అవకాశమే తక్కువగా ఉంది. ఓపికగా ఆగగలిగినవాళ్లు సొంతంగా అమ్ముకుంటున్నారనీ, తొందర ఉన్నవాళ్లు ఏజెంటు దగ్గరికి వెళ్తున్నారనీ కూడా వాళ్లు గమనించారు. మీకు ఉన్నది మూడు నెలలు. మీ తమ్ముడికి ఈ ముక్క చెప్పండి.

సరే, మరి కబురు చేరవేయడానికి కాకపోతే ఏజెంటు దేనికి? నా అనుభవంలో మూడు చోట్ల అతని విలువ తెలుస్తుంది. ధర పెట్టేటప్పుడు, ఇల్లు చూపించి బేరం ఆడేటప్పుడు, బేరం కుదిరాక రిజిస్ట్రేషన్ దాకా దాన్ని లాక్కొచ్చేటప్పుడు. మూడింటిలోనూ అతనికున్న పెద్ద అర్హత ఒక్కటే. ఆ ఇల్లు అతనిది కాదు.

ధర సంగతి చూడండి. సొంత వస్తువు మీద మనకు లేని విలువ కనిపిస్తుంది. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల్లో కొందరికి మామూలు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకైతే అమ్ముతారని అడిగారు. కప్పు దొరకనివాళ్లను ఎంతకైతే కొంటారని అడిగారు. చేతికొచ్చి కొన్ని నిమిషాలే అయిన కప్పుకు, కొనేవాళ్లు చెప్పినదానికి సుమారు రెట్టింపు ధర అమ్మేవాళ్లు చెప్పారు. నిమిషాల కిందట దొరికిన కప్పుకే అంత మమకారమైతే, పిల్లలు పుట్టి పెరిగిన ఇంటికి ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

దీనికి తోడు నష్టానికి అమ్మడం అనే బాధ ఒకటి. 1990ల బోస్టన్‌లో ఫ్లాట్ల ధరలు పడిపోయినప్పుడు డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు అక్కడి అమ్మకాలను పరిశీలించి 2001లో ప్రచురించారు. కొన్న ధర కంటే తక్కువకు అమ్మాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్లు, ఆ రెండు ధరల మధ్య తేడాలో 25 నుంచి 35 శాతం దాకా అదనంగా కలిపి అడిగారు. చివరికి వాళ్ల చేతికి అదనంగా వచ్చింది ఆ తేడాలో 3 నుంచి 18 శాతమే. పైగా వాళ్ల ఫ్లాట్లు మిగతావాటికంటే ఆలస్యంగా అమ్ముడయ్యాయి. మీరు ఎంతకు కొన్నారన్నది కొనేవాడికి అనవసరం. అతను చూసేది ఇవాళ అదే డబ్బుకు పక్క వీధిలో ఏం వస్తుందని.

ఎక్కువ చెప్పి చూద్దాం, రాకపోతే తగ్గిద్దాం, పోయేదేముంది అని అందరూ అంటారు. పోయేది ఉంది. ఇల్లు మార్కెట్లోకి వచ్చిన మొదటి రెండు మూడు వారాల్లో దాన్ని చూసేది ఎవరు? ఎప్పటినుంచో వెతుకుతూ, డబ్బు సిద్ధం చేసుకుని, కొత్తగా ఏదొచ్చినా వెంటనే చూసేవాళ్లు. మీకు కావాల్సింది వాళ్లే. ధర చూసి వాళ్లు పక్కకు వెళ్లిపోతే, మూడో నెలలో మీరు తగ్గించినా మళ్లీ చూడరు. అప్పటికి కొత్తగా వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, 'ఇన్నాళ్లుగా ఎందుకు అమ్ముడుపోలేదు, ఏదైనా గొడవుందా?' అని. గొడవేమీ ఉండదు, మొదట చెప్పిన ధర తప్ప. అలా మొదట్లోనే సరైన ధర చెప్పి ఉంటే వచ్చేదానికంటే తక్కువకు అమ్ముకున్నవాళ్లను లెక్కలేనంతమందిని చూశాను.

మంచి ఏజెంటు ఈమధ్య ఆ చుట్టుపక్కల నిజంగా అమ్ముడైన ఇళ్ల ధరలు ముందు పెట్టుకుని మాట్లాడతాడు. అమ్మకానికి పెట్టిన ధరలు కాదు, అమ్ముడైన ధరలు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది. ఆన్‌లైన్‌లో మీకు కనిపించేవి ఎక్కువగా మొదటి రకం, అంటే ఇంకా అమ్ముడుపోని ఆశలు.

అలాగని ఏజెంటు చెప్పిన అంకె వేదవాక్కేమీ కాదు. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరంలో అనుభవజ్ఞులైన ఏజెంట్లకు ఒకే ఇల్లు చూపించి విలువ కట్టమన్నారు. తేడా ఒక్కటే, ఒక్కో బృందానికి ఒక్కో అడుగుతున్న ధర రాసి ఇచ్చారు. ఎక్కువ ధర చూసినవాళ్లు ఎక్కువ విలువ కట్టారు, తక్కువ చూసినవాళ్లు తక్కువ కట్టారు. ఆ ధర మీ లెక్కలోకి వచ్చిందా అని అడిగితే చాలామంది రాలేదనే అన్నారు. మావాళ్ల గురించి నేను కాదనలేని నిజం ఇది. కాబట్టి ఏజెంటును కలిసినప్పుడు మీ మనసులోని ధర ముందు చెప్పకండి. అతన్ని చెప్పనివ్వండి, ఎలా వచ్చిందో అడగండి. ముగ్గురిని అడగండి. ఇద్దరు దగ్గరదగ్గరగా చెప్పి మూడోవాడు బాగా ఎక్కువ చెప్తే సంబరపడకండి. ఇల్లు చేజిక్కించుకోవడానికి పెద్ద అంకె చెప్పి, ఒప్పందం రాయించుకున్న నెలకు 'మార్కెట్ డల్‌గా ఉంది సార్, కాస్త తగ్గిద్దాం' అనేవాళ్లు ఈ వృత్తిలో అన్నిచోట్లా ఉన్నారు.

ఇక ఇల్లు చూపించడం. ఇది బయటివాళ్లకు చిన్న పనిలా కనిపిస్తుంది. తాళం తీయడానికి కమిషనా అని నన్ను ముఖం మీదే అడిగినవాళ్లున్నారు.

ఒక పెద్దాయన ఇల్లు చూపించిన రోజు చెప్తాను. తానే దగ్గరుండి చూపిస్తానని, ఇల్లంతా తనకే తెలుసని పట్టుబట్టారు. ఒక జంట వచ్చింది. గేటు తీసినప్పటి నుంచి ఆయన వాళ్ల వెంటే ఉన్నారు. ఈ తలుపు టేకు, ఆ కిటికీ ఊచలు తానే దగ్గరుండి చేయించినవి, ఈ గోడ మీద గీతలు మనవడి ఎత్తు కొలిచినవి. ఆ అమ్మాయి వంటింట్లో అల్మారా తలుపు మీద చెయ్యి వేసి, ఆయన వైపు చూసి, తెరవకుండానే తీసేసింది. భర్త గోడ దగ్గర ఆగి ఏదో అనబోయి ఊరుకున్నాడు. పది నిమిషాల్లో 'చాలా బాగుందండీ, ఫోన్ చేస్తాం' అని వెళ్లిపోయారు. బాగుందండీ అని అంత తొందరగా అన్నవాళ్లు మళ్లీ ఫోన్ చేయరు.

ఆ జంటనే బతిమాలి నాలుగు రోజుల తర్వాత మళ్లీ రప్పించాను. పెద్దాయనను గుడికి పంపాను. ఈసారి నేను హాల్లోనే కూర్చున్నాను. వాళ్లు ముప్పావు గంట ఉన్నారు. అల్మారాలన్నీ తెరిచారు, కుళాయిలు తిప్పారు, పడకగదిలో మంచం ఎటు వేయాలో వాదించుకున్నారు. మంచం ఎటు వేయాలో వాదించుకుంటున్నారంటే మనసులో అప్పుడే కాపురం పెట్టేశారన్నమాట. వెళ్లేటప్పుడు భర్త ఆ గోడ గురించి అడిగాడు. దాన్ని తీసేస్తే వంటిల్లు పెద్దదవుతుంది కదా అన్నాడు. ఆయన చేతులతో కట్టించిన గోడను పడగొడతామని ఆయన ముందే ఎలా అంటారు? ఆ ఇల్లు వాళ్లే కొన్నారు.

యజమాని పక్కన ఉంటే కొనేవాళ్లు లోపాలు చెప్పరు, మొహమాటం. లోపం చెప్పనివాళ్ల అనుమానం తీర్చడం ఎలా? ఏజెంటు దగ్గర మాత్రం మనసులో మాట అనేస్తారు. 'మాకు నచ్చింది కానీ మెట్లు మా అమ్మకు కష్టం' అని, 'ఇంకో ఇల్లు చూశాం, అక్కడ పార్కింగ్ ఉంది' అని. ఆ మాటలు బేరంలో బంగారం.

యజమానులు నోరు జారడం ఇంకో తంతు. 'పై నెలలో వెళ్లిపోతున్నామండీ, ఈలోగా అయిపోతే బాగుండు' అని మాటల్లో అనేస్తారు. ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో వాళ్లకు తెలియదు. మీరు ప్రశ్నలోనే మూడు నెలలని రాశారు, చూశారా? కొనడానికి వచ్చినవాళ్లకు అది చెప్పకండి. ఏజెంటుకు కూడా, అతనికి ఆ విషయం బయటపెట్టొద్దని గట్టిగా చెప్పిన తర్వాతే చెప్పండి.

వచ్చేవాళ్లను వడపోయడం గురించి రెండు ముక్కలు. ఆదివారం కాలక్షేపానికి ఇళ్లు చూసేవాళ్లు కొందరు. డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో వాళ్లకే తెలియనివాళ్లు కొందరు. మీ ఇంటికి ఎంత ధర పలుకుతుందో తెలుసుకోవడానికి వచ్చే పక్కింటివాళ్లూ ఉంటారు. బ్యాంకు లోను ఎంతవరకు వస్తుందో కనుక్కున్నారా, మీ ఇల్లొకటి అమ్ముడైతేనే ఇది కొంటారా అని మనం అడగడానికి ఇబ్బంది పడతాం. ఏజెంటు ఫోన్లోనే అడిగేస్తాడు. ముక్కూమొహం తెలియనివాళ్లను ఒంటరిగా ఉన్నప్పుడు ఇంట్లోకి రానివ్వాల్సిన అవసరం తప్పడం కూడా చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మా నాన్న ఇంటి దగ్గరికి వస్తాను. నాన్న పోయాక ఏడాదికి అమ్మ మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఇల్లు అమ్మేద్దామని ముగ్గురం అనుకున్నాం. వందల ఇళ్లు అమ్మినవాణ్ణి, నేనే చూసుకుంటానన్నాను. మొదటి పార్టీ వచ్చింది. ఆయన హాల్లో నిలబడి పైకి చూసి, 'పాత పద్ధతిలో కట్టారు, ఎలాగూ పడగొట్టాల్సిందే, స్థలం రేటు మాట్లాడుకుందాం' అన్నాడు. బేరంలో ఇది పాత ఎత్తు. కొనేవాళ్ల తరఫున ఉన్నప్పుడు నేను కూడా అలాంటి మాటలు అనమని చెప్పినవాణ్ణే. అయినా చెవులు వేడెక్కిపోయాయి. మీకు అమ్మడం లేదు, వెళ్లండి అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. ఆ రాత్రి చెల్లెలు ఫోన్ చేసి, 'అన్నయ్యా, నువ్వు ఇల్లు అమ్ముతున్నావా, కాపలా కాస్తున్నావా?' అంది. మర్నాడు నాకు తెలిసిన ఒక మహిళా ఏజెంటుకు తాళాలు ఇచ్చేశాను. ఆమె పెట్టిన షరతు ఒక్కటే, అమ్మకం అయ్యేదాకా ఆ ఇంటి ఛాయలకు రావొద్దని. నేను వెళ్లగొట్టిన ఆ మనిషినే మళ్లీ పిలిపించింది. పడగొట్టాలన్న మాట ఆయన ఆమె దగ్గరా అన్నాడట. 'అయితే పడగొట్టే ఖర్చు కూడా లెక్క వేసుకుని మీ ధర చెప్పండి సార్' అందట చల్లగా. చివరికి ఆయన ఇల్లు పడగొట్టలేదు, పైన ఇంకో అంతస్తు వేసుకున్నాడు.

బేరంలో మధ్య మనిషి ఉండటం వల్ల ఇంకో సౌకర్యం ఉంది. దాన్ని సరిగ్గా వాడుకునేవాళ్లు తక్కువ. ఎదురుగా కూర్చుని కొనేవాడు ఒక అంకె అంటే, మీరు అక్కడికక్కడే అవుననో కాదనో అనాలి. మౌనంగా ఉన్నా మీ ముఖం చెప్పేస్తుంది. ఏజెంటైతే 'ఓనర్‌ని అడిగి చెప్తాను' అంటాడు. ఆ ఒక్క రాత్రి గడువులో మీరు ఆలోచించుకుంటారు, అవతలివాడు ఇల్లు చేజారిపోతుందేమోనని టెన్షన్ పడతాడు. కాదు అనే మాట కూడా మీ నోటి నుంచి వస్తే తెగిపోతుంది, ఏజెంటు నోటి నుంచి వస్తే ఇంకోసారి మాట్లాడుకోవడానికి దారి మిగులుతుంది. అందుకే ఏజెంటుకు ఎంతవరకు దిగవచ్చో మొదటి రోజే చెప్పేయకండి. నిజంగా అతనికి తెలియనప్పుడే అడిగి చెప్తానన్న మాటకు బలం.

చాలామంది బేరం కుదరగానే పని అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో అసలు పని అప్పుడే మొదలవుతుంది. అడ్వాన్సు తీసుకున్నాక, రిజిస్ట్రేషన్ లోపు చెడిపోయే బేరాలు చాలా ఉంటాయి. బ్యాంకువాళ్లు కట్టిన విలువ బేరం ధర కంటే తక్కువ వస్తుంది, లోను తగ్గిపోతుంది. పాత దస్తావేజులో ఒక పేరు ఒకలా, కొత్తదాంట్లో ఇంకోలా ఉంటుంది. అన్నదమ్ముల్లో ఒకరు సంతకానికి రావడానికి నెల పడుతుందంటారు. తీర్చేసిన అప్పుకు సంబంధించి తీరిందన్న కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కొనేవాళ్ల తరఫున ఇల్లు పరిశీలించడానికి వచ్చిన ఇంజనీరు పైకప్పు చూసి పెదవి విరుస్తాడు. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద సమస్య కాదు, కానీ ప్రతి ఒక్కటీ అవతలివాళ్లలో అనుమానం పుట్టిస్తుంది. ఫోన్ తీయకపోవడం మొదలైతే ఆ బేరం చెడిపోయినట్టే. రెండు వైపులా రోజూ ఫోన్ చేస్తూ, ఎవరి దగ్గర ఏ కాగితం ఆగిందో చూసుకుంటూ నెల రోజులు నెట్టుకురావడమే నేను కమిషన్ తీసుకుని చేసిన పనిలో పెద్ద భాగం. మంచి ఏజెంటు ఇల్లు మార్కెట్లో పెట్టకముందే కాగితాలన్నీ అడిగి తీసుకుని చూస్తాడు. ఫోటోగ్రాఫర్ కంటే ముందు కాగితాలు అడిగినవాణ్ణి నమ్మొచ్చు. చట్టపరమైన విషయాలకు మాత్రం వకీలు వకీలే, ఏజెంటు ఎంత తెలివైనవాడైనా ఆ పని అతనిది కాదు.

లోపాలు దాచడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక ఇంట్లో పడకగది మూల గోడ చెమ్మపట్టేది. యజమాని బీరువా తెచ్చి అక్కడ పెట్టించాడు. నేను తీయించేశాను, పెద్ద గొడవే అయింది. బీరువా వెనక ఏముందో కొనేవాళ్లు చూడరా? అమ్మేవాడికి తెలిసినదీ కొనేవాడికి తెలియనిదీ ఉన్నప్పుడు మార్కెట్ ఏమవుతుందో జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో రాశాడు. 2001లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. దాని సారం మనకు అక్కరకొచ్చే మాటల్లో ఇంతే: తనకు తెలియనిది ఏదో ఉందని అనుమానం వస్తే కొనేవాడు మంచి సరుకుకు కూడా చెత్త సరుకు ధరే ఇస్తాడు. మేం ఆ గోడ బాగుచేయించడానికి ఎంతవుతుందో మేస్త్రీతో రాయించి, ఆ కాగితం వచ్చినవాళ్లందరికీ ముందే ఇచ్చాం. ధరలో తగ్గింది ఆ రాసిన మొత్తమే. దాచి ఉంటే, దొరికిన రోజున అవతలివాళ్లు దానికి మూడింతలు తగ్గించమనేవాళ్లు, లేదా అడ్వాన్సు వెనక్కి అడిగేవాళ్లు.

ఇంతవరకు లాభాలే చెప్పాను. ఇప్పుడు మావాళ్లకు నచ్చని లెక్క ఒకటి చెప్తాను. కమిషన్ వందకు రెండు అనుకుందాం. ఇంకో పది రోజులు ఆగి, పట్టుబట్టి వంద బదులు నూట అయిదు రాబడితే మీకు కమిషన్ పోను దాదాపు అయిదు పెరుగుతుంది. ఏజెంటుకు పెరిగేది ఒకటిలో పదో వంతు. ఆ పది రోజుల తిరుగుడంతా అతనిదే. అతనికి తొందరగా ముగించడంలోనే లాభం. మీకు ఆగడంలో లాభం.

ఇది ఊహ కాదు. స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని సుమారు లక్ష ఇళ్ల అమ్మకాలు పరిశీలించి 2008లో ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు, అలాంటివే అయిన ఖాతాదారుల ఇళ్లకంటే సుమారు 3.7 శాతం ఎక్కువకు అమ్ముకున్నారు, సుమారు తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారు. చదివినప్పుడు నాకు సిగ్గేసింది కానీ ఆశ్చర్యం వేయలేదు. 'మంచి ఆఫర్ సార్, వదులుకోకండి' అని నేను అన్న ప్రతిసారీ అది ఇంటివాళ్ల కోసమే అన్నానా అంటే, ఏమో.

దీనికి విరుగుడు ఏజెంటును మానేయడం కాదు, ఒప్పందం సరిగ్గా రాసుకోవడం. మనం అనుకున్న ధర దాటి వచ్చిన మొత్తం మీద మాత్రం ఎక్కువ శాతం కమిషన్ ఇస్తానని అడగండి. కొందరు ఒప్పుకోరు, కొందరు ఎగిరి గంతేస్తారు. ఆ రెండోవాళ్ల మీద ఓ కన్నేయండి. ఒక్కరికే పూర్తిగా అప్పజెప్పడమా, పదిమందికి చెప్పడమా అంటే నేను ఒక్కరికే అంటాను. పదిమందికి చెప్పిన ఇంటి మీద ఎవడూ డబ్బు, కాలం ఖర్చు పెట్టడు. పైగా ఒకే ఇల్లు పది చోట్ల పది ధరలతో కనిపించి మీరు ఎంత తొందరలో ఉన్నారో చాటుతుంది. కానీ ఆ ఒక్కరికీ గడువు పెట్టండి. మీ విషయంలో ఏడెనిమిది వారాలు మించొద్దు. గడువు అయ్యాక, అతను తెచ్చిన మనిషే తర్వాత కొంటే కమిషన్ ఇవ్వాలా, ఎన్నాళ్లలోపు కొంటే ఇవ్వాలి అన్నది రాయించండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి. కమిషన్ ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా రాయించండి. అడ్వాన్సు రోజున కాదు, రిజిస్ట్రేషన్ అయి డబ్బు మీ చేతికొచ్చిన రోజున.

రెండు వైపుల నుంచీ కమిషన్ తీసుకునే ఏజెంటు విషయం తేల్చుకోండి. కొన్ని దేశాల్లో దీనికి కట్టుబాట్లు ఉన్నాయి, కొన్నిచోట్ల ఇది రోజూ జరిగేదే. తప్పనిసరిగా చెడ్డదని అనను, కానీ అలాంటప్పుడు అతను మీ మనిషి కాదు, బేరం మనిషి. ముందే అడగండి, ముందే చెప్పేవాడు నయం. కమిషన్ శాతం ఎక్కడా శిలాశాసనం కాదు. అమెరికాలో దశాబ్దాలుగా చట్టంలా నడిచిన కమిషన్ అలవాటే కోర్టు కేసుల తర్వాత 2024లో మారాల్సి వచ్చింది. అడిగితే తగ్గించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అయితే మీ ముందు తన కమిషనే నిలబెట్టుకోలేక మొదటి నిమిషంలో సగానికి దిగినవాడు రేపు మీ ఇంటి ధరను ఏం నిలబెడతాడో కూడా చూసుకోండి.

ఏజెంటు అక్కర్లేని సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. అద్దెకున్నవాళ్లే కొంటామంటే, పక్కింటివాళ్లో బంధువులో అడిగితే, ధర మీద ఇద్దరికీ పేచీ లేకపోతే, వకీలుకు ఫీజు ఇచ్చి కాగితాలు చూపించుకోండి చాలు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం భూముల్లో అక్కడి అధ్యాపకుల ఇళ్లున్నాయి, కొనడానికి అర్హత కూడా విశ్వవిద్యాలయంవాళ్లకే. ఏ ఇల్లు అమ్మకానికి ఉందో అందరికీ ఎలాగూ తెలుస్తుంది. ఆ ఇళ్ల మీద బెర్న్‌హైమ్, మీర్ చేసిన పరిశోధనలో ఏజెంటును పెట్టుకున్నవాళ్లకు ధర పెరగకపోగా 5.9 నుంచి 7.7 శాతం తగ్గిందని తేలింది. కొనేవాళ్లు ఎవరో తెలిసిన చిన్న గూటిలో ఏజెంటు కమిషన్‌కు తగ్గ పని ఉండదని నేను దాన్ని అర్థం చేసుకున్నాను. ఓపిక, తీరిక, చల్లని బుర్ర మూడూ ఉన్నవాళ్లు కూడా సొంతంగా అమ్ముకోవచ్చు. మూడోది ఉందో లేదో తెలుసుకోవాలంటే, మీ తమ్ముణ్ణి కొనేవాడిలా నటించి మీ ఇంటికి వంకలు పెట్టమనండి. అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మీకు కాలం తక్కువ, వెళ్లాక దూరం నుంచి చూసుకోవాల్సి వస్తుంది, ఇల్లు ఖాళీగా ఉంటుంది. నేనైతే ఏజెంటుకే ఇస్తాను. ఈ వారంలో ముగ్గురిని ఇంటికి పిలవండి. గత ఏడాదిలో ఈ చుట్టుపక్కల మీరు అమ్మిన ఇళ్లు ఏవి, మొదట ఎంత అడిగారు, చివరికి ఎంతకు అమ్మారు, ఎన్నాళ్లు పట్టింది అని అడగండి. అమ్మలేకపోయిన ఇల్లు ఒకటి చెప్పి, ఎందుకు అమ్మలేకపోయారో చెప్పమనండి. ఈ చివరి ప్రశ్నకు 'అలాంటిది లేదండీ' అన్నవాణ్ణి టీ ఇచ్చి పంపేయండి. మిగిలినవాళ్లలో ఎవరు మాట్లాడటం ఆపి ఇల్లు చూశారో, ఎవరు కుళాయి తిప్పి చూశారో గమనించండి. వాళ్లు వచ్చేలోపు దస్తావేజులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. మీ కనీస ధర ఒక కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టండి. దాన్ని మీ తమ్ముడికి కూడా చూపించకండి, అతను ఫోన్లో ఎవరితో ఏం అంటాడో తెలియదు కదా.